‘ఇది ముదురాకు బిడ్డా’

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది కోరుట్ల దగ్గర ఒక పల్లె. హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివాను. మా అమ్మ పాతికేళ్లుగా బీడీలు చేస్తోంది. ఈమధ్య నలుగురం కలిసి ఒక గ్యాలరీలో ప్రదర్శన పెట్టాం. బీడీలకు కత్తిరించగా మిగిలిన తునికాకు ముక్కల్ని బీడీ దారానికి గుచ్చి, పైకప్పు నుంచి నేల దాకా తెరలాగా వేలాడదీశాను. అమ్మ, చిన్నమ్మ పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. అమ్మ ఒక ముక్కను పట్టుకుని ‘ఇది ముదురాకు బిడ్డా, బీడీకి పనికిరాదు’ అంటుండగానే గార్డు ముట్టుకోవద్దని కేకేశాడు. అమ్మ బయటికెళ్లి మెట్ల మీద కూర్చుంది. వెళ్లేటప్పుడు ‘మంచిగనే ఉన్నది గని, మాకేం తెలుస్తది’ అంది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. సంక్రాంతికి ఇదే పనిని మా ఊళ్లో పెట్టాలనుంది. ఫ్రెండ్స్ ‘ఊళ్లో ఎవరికి అర్థమవుతుంది, టైమ్ వేస్ట్’ అంటున్నారు. మా బావేమో ‘దేవుడి బొమ్మలు వెయ్, జనం ఎగబడి చూస్తారు’ అంటున్నాడు. మామూలు జనానికి ఇలాంటి ఆర్ట్ దగ్గర కావాలంటే ఏం చెయ్యాలక్కా?

జవాబు: చెల్లీ, నీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన మాటను ఒక్క లైనులో రాసి దాటేశావు. ముదురాకు. నీ ప్రదర్శనకు వచ్చినవాళ్లలో నీ పని గురించి పనికొచ్చే మాట అన్నది మీ అమ్మ ఒక్కతే అని నా అనుమానం. మిగతావాళ్లు ఏమని ఉంటారో ఇక్కడ కూర్చునే చెప్పగలను: ‘టెక్స్చర్ బాగుంది’, ‘చాలా స్ట్రాంగ్ వర్క్’, ‘లైటింగ్ ఇంకొంచెం తగ్గిస్తే బాగుండేది’. ఆమె మాత్రం ముక్కను వేళ్ల మధ్య పట్టుకుని ఆకు వయసు చెప్పింది. ఆకు తడిపి, తడిగుడ్డలో చుట్టిపెట్టి, మెత్తబడ్డాక రేకు అచ్చు పెట్టి కోసే చెయ్యి అది. ఏ ఆకు చుట్టడానికి లొంగుతుందో ఏది పగులుతుందో ఆ వేళ్లకు తెలిసినంత నీకు తెలీదు, నాకు అసలే తెలీదు. అలాంటి మనిషి ‘మాకేం తెలుస్తది’ అనుకుంటూ బస్సెక్కిందంటే తప్పు ఆ గదిది.

చదువుకున్నవాళ్లు ఏదో గంటల తరబడి చూసేస్తారని కూడా అనుకోకు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో జనం ఒక్కో బొమ్మ ముందు ఎంతసేపు ఆగుతున్నారో లెక్కపెట్టి 2001లో ఒక అధ్యయనం అచ్చు వేశారు. సగటున 27 సెకన్లు. పక్కనున్న చీటీ చదివే సమయం కూడా అందులోనే. మీ అమ్మ అంతకంటే ఎక్కువసేపే ఉండి ఉంటుంది, కేక పడకపోతే ఇంకాసేపు ఉండేది.

నా సంగతి ఒకటి చెప్తాను. నేను సర్కారు బడిలో డ్రాయింగ్ టీచర్‌గా చేసిన రోజుల్లో తొమ్మిదో తరగతి పిల్లల్ని ముప్పైమందిని సిటీలో ఒక పేరున్న గ్యాలరీకి తీసుకెళ్లాను. అప్పట్లో నాకు పెద్ద సరదా, పిల్లలకు ‘అసలైన ఆర్ట్’ చూపిద్దామని. రిసెప్షన్‌లో ఉన్నామె మమ్మల్ని పైనుంచి కింది దాకా చూసి, ముందుగా చెప్పి వచ్చారా అని అడిగింది. చెప్పలేదు. ఐదేసి మందిని పంపమంది. లోపలికెళ్లాక ఒక పిల్లవాడు నా కొంగు లాగి, చెవి దగ్గరికొచ్చి గుసగుసగా అడిగాడు, ‘మేడం, ఇక్కడ మాట్లాడచ్చా?’ అని. వాడు మా బడి మొత్తంలో పెద్ద నోరున్న పిల్లవాడు. ఆరోజు గోడల మీద ఏ బొమ్మలున్నాయో ఇప్పుడు నాకు ఒక్కటీ గుర్తులేదు కానీ ఆ ప్రశ్న మాత్రం గుర్తుంది.

అదే పిల్లవాడు వినాయక చవితికి ఎలా ఉంటాడో నాకు తెలుసు. వీధివీధికీ తిరిగి ప్రతి మండపం ముందూ తీర్పులిస్తాడు: పోయినేడాది బొమ్మే బాగుంది, ఈసారి చెయ్యి వంకర పోయింది, ఆ లైట్లు దండగ. 2023లో చంద్రయాన్ దిగాక ఎన్ని మండపాల్లో గణపయ్య రాకెట్ పక్కన నిలబడ్డాడో గుర్తుందా? వెదురు, గుడ్డ, రంగు, నీళ్లు, మోటారు, పాటలు, లోపల నడిచే జనం, పది రోజులయ్యాక అంతా నీళ్లపాలు. మీ కాలేజీలో దీన్నేగా ఇన్‌స్టలేషన్ అని చెప్పి సెమిస్టర్ పరీక్ష పెట్టింది! ఖైరతాబాద్‌లో 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలైన పని ఏటా పెరుగుతూ పోతే, ఈసారి ఏ రూపం, ఎంత ఎత్తు అని జనం నెలల ముందు నుంచే మాట్లాడుకుంటారు. దాని ముందు నిలబడి ‘మాకేం తెలుస్తది’ అన్నవాళ్లను ఒక్కర్ని చూపించు. భక్తి ఉంది కాబట్టి అంటావేమో, ఉంది, కాదనను. కానీ ఆ తీర్పులన్నీ భక్తివి కావు. ఏటా చూసి చూసి మరిగిన కళ్లవి.

టికెట్ వల్ల రారనే మాట కూడా నేను పెద్దగా నమ్మను. సాలార్‌జంగ్ మ్యూజియంలో టికెట్ కొని మరీ లోపలికెళ్లి, గంట కొట్టే గడియారం ముందు కుటుంబాలకు కుటుంబాలు ముందే వచ్చి కూర్చుంటాయి, లోపలి నుంచి ఆ చిన్న గడ్డపు బొమ్మ వచ్చి గంట కొట్టడం చూడ్డానికి. ప్రైవేటు గ్యాలరీల్లో చాలావాటికి టికెట్టే ఉండదు, అయినా చూసే మనిషీ ఉండడు. గడియారం దగ్గర కూర్చోడానికి చోటుంది, పిల్లలు అరిస్తే కసిరేవాళ్లు లేరు, ఎప్పుడు ఏం జరుగుతుందో పక్కవాళ్లు చెప్తారు. ఈ మూడూ రాసి పెట్టుకో, నీ ఊళ్లో కావాల్సింది దాదాపు ఇంతే.

పక్కవాళ్లు చెప్పడం అన్నాను కదా, అసలు సంగతి అక్కడే ఉంది. మన దగ్గర బొమ్మను ఒంటరిగా గోడకు వేలాడదీసి, చూసుకోండి అని వెళ్లిపోయే అలవాటు లేదు. చేర్యాల పటాలు తీసుకో. బట్టకు చింతగింజల అంబలి, సుద్ద పూసి, ఎర్రటి నేల మీద నకాషీలు అనే చిత్రకారులు గీసిన ఆ పొడుగాటి పటాలు ఇప్పుడు ఫ్రేముల్లో, హోటల్ గోడల మీద కనిపిస్తున్నాయి కానీ, అవి పుట్టింది కథ చెప్పేవాడి చేతికి. ఊరి మధ్యలో పటం కట్టి, ఒక్కో గడీ విప్పుతూ, పుల్లతో చూపిస్తూ రాత్రంతా కథ నడిపేవారు. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, ఇలా కులానికో కథ, కథకో చెప్పేవాళ్లు. మీ కోరుట్ల, మెట్‌పల్లి వైపు పద్మశాలీ ఇళ్లలో ముసలివాళ్లనడుగు, మార్కండేయుడి కథ విన్నవాళ్లు ఇంకా దొరుకుతారేమో. వాళ్లెవరూ బొమ్మలు చూడ్డం రాని జనం కాదు కదా. నీ గ్యాలరీలో ఉన్న లోటు ఆ పుల్ల పట్టుకునే మనిషి.

అయితే ఇక్కడొక చిక్కుంది, జాగ్రత్తగా విను. పటం కథలో కథ అందరికీ ముందే తెలుసు. నీ ఆకుల తెరకు ముందే తెలిసిన కథ లేదు. కాబట్టి నువ్వు పుల్ల పట్టుకుని ‘ఇది శ్రమ దోపిడీకి ప్రతీక, ఈ ఖాళీ ఆడవాళ్ల మౌనం’ అని మొదలెట్టావనుకో, జనం బడిపిల్లల్లా తలూపి, టీ తాగి వెళ్లిపోతారు. చెప్పడం తగ్గించి అడగడం పెంచు. న్యూయార్క్‌లోనే మోమా అనే ఆధునిక కళల మ్యూజియంలో విద్యా విభాగాన్ని నడిపిన ఫిలిప్ యెనవైన్, మనస్తత్వవేత్త అబిగైల్ హౌసెన్‌తో కలిసి, బొమ్మ ముందు అడగడానికి మూడే ప్రశ్నలు ఖాయం చేశాడు. మన మాటల్లో చెప్తాను: ఇక్కడ ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అంటున్నావు? ఇంకా ఏం కనిపిస్తోంది? అంతే. తప్పొప్పులు దిద్దకూడదు. నేను తర్వాత బళ్లో ఇది చేసి చూశాను. మొదటి పది నిమిషాలు చచ్చేంత ఇబ్బందిగా ఉంటుంది, ఎవరూ నోరు తెరవరు, తెరిచిన ఒక్కరూ నీ మొహం వైపు చూస్తారు కరెక్టేనా అని. నువ్వు నోరు మూసుకుని ఉండగలిగితే రెండో ప్రశ్న దగ్గర మాటలు దొర్లుతాయి.

ఇక ఎక్కడ పెట్టాలి. బస్టాండు వద్దు, బస్సు వస్తుందేమోనని టెన్షన్‌లో ఉన్న మనిషి నీ ఆకులు చూడడు. బీడీ కార్ఖానా దగ్గర చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి ఆడవాళ్లు ఎలాగూ వస్తారు, కాసేపు ఆగుతారు కాబట్టి అది మంచి చోటని నీకు అనిపించచ్చు. నాకూ మొదట అనిపించింది. కానీ తట్టల్లోంచి బీడీలు తీసి పనికిరావని పక్కన పడేసే మనిషి కళ్ల ముందు, ఆ పని గురించే వాళ్లు నోరు విప్పి మాట్లాడతారా? కుల సంఘం భవనం అయితే ఆ కులం వాళ్లే వస్తారు, మిగతావాళ్లు గుమ్మం దగ్గరే ఆగుతారు. సంక్రాంతి సెలవులకు బడి ఖాళీగా ఉంటుంది కదా, హెడ్‌మాస్టర్‌ను అడిగి వరండా తీసుకో. ఊళ్లో అందరూ ఒకప్పుడు కూర్చున్న చోటు అది, లోపలికి రావచ్చా అని ఎవరూ అడగరు.

కొచ్చి బినాలె గురించి, అదే, కేరళలో రెండేళ్లకోసారి పెట్టే పెద్ద కళా ప్రదర్శన గురించి మీ సార్లు చెప్పే ఉంటారు. 2012 డిసెంబరు 12న మొదలైంది. దేశవిదేశాల పనులు తెచ్చి కొత్త అద్దాల హాల్లో పెట్టకుండా, ఫోర్ట్ కొచ్చిలో ఆస్పిన్‌వాల్ హౌస్ లాంటి పాత వర్తక కంపెనీ గోడౌన్లలో పెట్టారు. ఆ గోడలు ఊరివాళ్లకు ఎప్పటి నుంచో తెలిసినవి, లోపల ఏముందో చూద్దామనే కుతూహలమే సగం జనాన్ని తెచ్చింది. మన సిటీలో రాజ్‌భవన్ దగ్గరి ఎం.ఎస్. మక్తాలో 2016లో ఇళ్ల గోడల మీద పెద్దపెద్ద బొమ్మలు వేశారు, స్టార్ట్ ఇండియా అనే సంస్థ పూనుకుని. వీలైతే ఓసారి వెళ్లి ఆ సందుల్లో తిరుగు. బొమ్మ రోజూ కళ్ల ముందు ఉండడం, పాలు తెచ్చుకుంటూ, పిల్లల్ని బడికి పంపుతూ చూడడం, అది గ్యాలరీ ఎప్పటికీ ఇవ్వలేదు. కానీ ఫొటోలు దిగడానికి వచ్చేవాళ్లు ఫొటోలు దిగి పోతారు. వాళ్ల లైకులు లెక్కపెట్టుకుని జనానికి కళ దగ్గరైందని మాత్రం అనుకోకు. (సిటీల్లో టికెట్ పెట్టి నడిపే సెల్ఫీ మ్యూజియాల గురించి అడిగితే, పిల్లలతో వెళ్లు, బాగానే ఉంటాయి, దానికీ నీ ప్రశ్నకూ సంబంధం లేదు.)

టైమ్ చూసుకో. గ్యాలరీలు పదకొండుకు తెరిచి ఏడింటికి మూస్తే పని చేసుకునేవాళ్లు ఎప్పుడు రావాలి? బీడీలకు వెయ్యికింత అని లెక్క. పగలు గంటసేపు నీ దగ్గర నిలబడితే ఆ గంట బీడీలు పోయినట్టే, మీ అమ్మను అడిగితే ఎన్నో చెప్తుంది. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా పెట్టు, ఒక్కరోజు కాదు, నాలుగు రోజులు. మొదటి రోజు చిన్నపిల్లలు వస్తారు, రెండో రోజు వాళ్లు అమ్మల్ని లాక్కొస్తారు. చాటలు తెచ్చుకుని అక్కడే కూర్చుని చుట్టుకోమను, ఎవరొద్దన్నారు. సర్పంచ్ రిబ్బన్ కట్ చేయాల్సిందే అంటే చేయనీ, మైకు మాత్రం ఇవ్వకు.

చీటీ మార్చు. నువ్వు పంపిన ఫొటోలో చూశాను, ‘ఆర్కైవ్స్ ఆఫ్ లేబర్: ఫ్రాగ్మెంట్స్ 2’ అని, కింద పన్నెండు లైన్ల ఇంగ్లిష్. నాకే సగం అర్థం కాలేదు. ఊళ్లో తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాయి: తునికాకు ముక్కలు, బీడీ దారం. ఎన్ని నెలలు ఏరావో రాయి, ఎవరెవరి ఇళ్ల నుంచి ఏరావో వాళ్లు ఒప్పుకుంటే పేర్లతో రాయి. ఎన్ని వేల బీడీలు చుడితే ఇంత ఆకు మిగులుతుందో అమ్మతో లెక్క కట్టించి ఆ అంకె వెయ్యి. పేర్లున్నాయంటే చాలు, వాళ్ల చుట్టాలు కూడా వచ్చి చదువుతారు. అలాగే దాన్ని ముట్టుకోనీ. జనవరి చలికి, పొడిగాలికి ఆకు పెళుసెక్కి రాలుతుంది, తెలుసు. రాలనీ. ప్రతి సాయంత్రం వచ్చేవాళ్లను ఆరోజు కత్తిరింపులు గుప్పెడు తెమ్మను, దారం సూది అక్కడే ఉంచు, రాలినచోట వాళ్లే గుచ్చుతారు. నాలుగో రోజుకు అది నువ్వు గ్యాలరీలో పెట్టిన తెర కాదు, కొంచెం వంకరగా, కొంచెం వేరే రంగులో ఉంటుంది, నాకైతే అదే ఎక్కువ చూడాలనుంది.

ఇప్పుడు అసలు ఇబ్బందికరమైన సంగతి. ఎవరో ఒకామె అడుగుతుంది: ‘మా చెత్తకు ఎంత రేటు పెట్టినవ్ బిడ్డా?’ నవ్వుతూనే అడుగుతుంది కానీ నవ్వులాట కాదు. గ్యాలరీలో దాని పక్కన ధర చీటీ ఉండే ఉంటుంది. దాచకు, చెప్పు. అమ్ముడైతే ఆ డబ్బులో వాళ్లకేముందో అక్కడికి పోకముందే తేల్చుకుని పో, అప్పటికప్పుడు నీళ్లు నమలకుండా. సమకాలీన కళ సామాన్యులకు దగ్గర కావాలని సెమినార్లలో మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది ఈ ప్రశ్న దగ్గరే తడబడతారు, నేనూ తడబడ్డాను ఒకప్పుడు. మీ అమ్మను అక్కడ నిలబెడితే, అంటే నిలబెట్టాలనే నేను అంటున్నాను, ఆ నాలుగు రోజులకు ఆమె బీడీల కూలి లెక్కగట్టి ఇవ్వు. కూతురి దగ్గర కూలేంటి అని తిడుతుంది. అయినా ఇవ్వు.

కుర్రాళ్లు అరటిపండు సంగతి ఎత్తుతారు, రాసిపెట్టుకో. 2019లో మయామీలో మౌరిజియో కాటెలాన్ అనే ఇటలీ ఆయన గోడకు టేపుతో అంటించిన అరటిపండు లక్షా 20 వేల డాలర్లకు పోయింది, 2024లో అలాంటిదే న్యూయార్క్ వేలంలో 62 లక్షల డాలర్లు పలికింది, కొన్నాయన దాన్ని తినేశాడు కూడా. మోడర్న్ ఆర్ట్ అంటే ఇదేగా అంటారు. వాదించకు. అవును, అది డబ్బున్నవాళ్ల మీద డబ్బున్నవాళ్లే వేసుకున్న జోకు, నాకూ నవ్వొచ్చింది అను, అని ఆకుల దగ్గరికి తీసుకురా. ఇంకెవరో నీ తెరను దిష్టిబొమ్మలా ఉందంటారు. దిష్టిబొమ్మ ఏం తక్కువ వస్తువు? కొత్తిల్లు కట్టిన ప్రతి మనిషీ భయంతోనో ఆశతోనో వేలాడదీసే బొమ్మ అది. ఎందుకలా అనిపించిందని అడుగు, రెండో ప్రశ్న అదేగా. ఇక నచ్చలేదని మొహం మీదే చెప్పి వెళ్లేవాళ్లు ఉంటే ఆ రాత్రి అన్నం మానెయ్యకు. సినిమా చూసి బయటికొచ్చి ఫస్టాఫ్ బాలేదని అన్నంత సులువుగా వాళ్లు నీ పని గురించి అనగలిగారంటే గ్యాలరీలో దొరకనిది నీకు దొరికినట్టే.

మీ బావ మాటను మరీ తీసిపారెయ్యకు. దేవుడి బొమ్మ వేసేవాడూ కష్టపడే వేస్తాడు. కానీ జనం కోసమని నీకు రాని పని చేస్తే అది మొహం మీద కనిపిస్తుంది, జనం ఇట్టే పట్టేస్తారు. మీ పాత కరీంనగర్ జిల్లాలోనే బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం, చిన్నప్పుడు చూసిన ఊరి ఆడవాళ్లనే, పెద్ద బొట్టు, చిలకపచ్చ, ఎరుపు, పసుపు చీరలతో దశాబ్దాల పాటు వేస్తూ పోయాడు. ఇవాళ ఆ బొమ్మను ఎక్కడ చూసినా, వేసిన మనిషి పేరు తెలియనివాళ్లు కూడా, ‘ఇది మన తెలంగాణ ఆడామె’ అని గుర్తుపడతారు. ఆయన జనం స్థాయికి దిగి గీసిందేం లేదు. తనకు తెలిసిన మనుషుల్ని వదలకుండా గీశాడు, చూడగా చూడగా జనానికి అలవాటైంది. నీకు ఆకు తెలుసు. ఆకే చెయ్యి. సంక్రాంతికి ఒకసారి పెట్టి ఊరుకుంటే ఎవరికీ ఏదీ దగ్గర కాదు, వచ్చే ఏడాదీ పెట్టాలి, ఆపై ఏడాదీ.

మీ ఫ్రెండ్స్‌ను కూడా రమ్మను, నలుగురూ చేతులు కట్టుకుని చూస్తూ నిలబడకుండా తలా నాలుగు కుర్చీలు మోస్తే అయిపోతుంది.

తేదీ ఖాయమైతే రాయి. జగిత్యాల దాకా నేను రాగలను, అక్కడి నుంచి మీ ఊరికి చివరి బస్సు ఎన్నింటికో కూడా రాయి. ముదురాకుకీ లేతాకుకీ తేడా వేళ్లతో ఎలా పట్టాలో నాకు నేర్పమని మీ అమ్మకు ఇప్పుడే చెప్పి ఉంచు.